పడవ ముక్కు మీద తొమ్మిది మణుగులు

నేను చెప్పేవాటిలో పావు వంతు అబద్ధమని మా ఇంట్లోవాళ్లే అంటారు. ఏ పావో మాత్రం ఇంతవరకు తేల్చలేకపోయారు. ఒకసారి పులికాట్ సరస్సులో నా మోటారు పడవ ఎంత జోరుగా పోయిందంటే, దాని నీడ నాకన్నా అరగంట ఆలస్యంగా రేవు చేరిందని గూడూరులో టీ కొట్టు దగ్గర చెప్పాను. అక్కడ కూర్చున్న నిమ్మకాయల వ్యాపారి ఒకాయన టీ ఊదుకుంటూ, "మధ్యలో మబ్బు పట్టుంటదిలే" అన్నాడు. మా ఊళ్లో అబద్ధం చెప్పి గెలవడం అంత సులువు కాదు.

ఇప్పుడు రాస్తున్నది మిగతా ముప్పావులోది. కొత్తగా మోటారు పడవల డ్రైవర్లుగా చేరుతున్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మస్తాన్ భాయ్, ఉద్యోగం ఎట్టా చేయాలో చెప్పు" అని అడుగుతుంటారు. వాళ్లకోసం రాస్తున్నాను. నేను పనిచేసిన శాఖ పేరు చెప్పను. పింఛను ఇంకా వస్తోంది. ప్రమోషన్ల గురించి రాయను. రాలేదు కాబట్టి రాయడానికి ఏమీ లేదు. యాభై అయిదేళ్లకు ఇంటికి పంపించారు. ఈ వయసులో ముసలివాణ్ణని ఒప్పుకోను, పడుచువాణ్ణంటే మా ఆవిడ ఒప్పుకోదు.

పడవ ఎక్కడం అంటే

మొదట ఒక సంగతి తెలుసుకోండి. చిన్న మోటారు పడవ రెండు రకాలుగా పోతుంది. ఒకటి, దుక్కిలో ఎద్దులా నీళ్లను చీల్చుకుంటూ పోవడం. రెండోది, నీళ్ల మీదికి ఎక్కి జారిపోవడం. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి ఎన్ని గంతులేస్తుందో లెక్కపెట్టారు కదా. ఆ పెంకు ఎందుకు మునగదు? బల్లపరుపుగా, జోరుగా పోతుంది కాబట్టి. పడవ కూడా అంతే. ఎక్కిందంటే పెట్రోలు సగానికి సగం మిగులుతుంది, దారి సగానికి సగం తగ్గుతుంది.

ఈ రెంటికీ మధ్య ఒక గట్టు ఉంది. పడవ జోరందుకునేటప్పుడు తన ముందు తానే నీళ్లతో గట్టు కట్టుకుంటుంది, తన వెనక తానే గుంట తవ్వుకుంటుంది. ముక్కు ఆకాశానికి లేస్తుంది, వెనక భాగం గుంటలో కూర్చుంటుంది. ఆ సమయంలో బరువు కాస్త ముందుకు ఉంటే పడవ గట్టు దాటి ఎక్కుతుంది. బరువంతా వెనకే ఉంటే ఎంత పెద్ద మోటారు పెట్టినా ఆ గుంటలోనే కూర్చుని చప్పుడు చేస్తుంది. అలాంటి సెక్షన్లు మా ఆఫీసులోనూ రెండు మూడు ఉండేవి.

మీకు కావలసిన విద్య ఇంతే. దీన్ని మా శాఖకు నేర్పడానికి నాకు పట్టిన కాలమే నా సర్వీసు.

మా పడవ, మా దొర

రాష్ట్రం ఏర్పడిన రెండు మూడేళ్లకు మా శాఖకు పద్నాలుగు అడుగుల ప్లైవుడ్డు పడవ ఒకటి, దాని వెనక పలకకు తగిలించే మోటారు ఒకటి వచ్చాయి. అప్పుడు నేను గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో ఆయిలింజన్లు బాగుచేసేవాణ్ణి. సర్కారు ఉద్యోగమని ఆశపడి అది వదిలి సూళ్లూరుపేటకు వచ్చాను. నా పాత పనిలో మా బావమరిది చేరాడు. అందువల్ల వెనక్కి పోవడానికి దారి లేదు. మా బావమరిది ఒకసారి కూర్చుంటే లేచే మనిషి కాదు.

మా అధికారి సుందరరామయ్య గారు. పెద్ద చదువు చదివినవాడు. సరస్సులో ఉన్న ప్రతి చేపకూ పరాయి దేశపు పేరు చెప్పేవాడు. భోజనంలో కూడా ముక్కను ఆ పేరుతో పలకరించి మరీ తినేవాడు. చెడ్డవాడు కాదు, లంచానికి చెయ్యి చాపేవాడు కాదు. బరువు మాత్రం తొమ్మిది మణుగులు, ఇప్పటి లెక్కలో నూరు కిలోల పైమాట. ఆ సంగతి ఎలా తెలిసిందంటే, రేవులో చేపలు తూచే కాటా మీద ఒకసారి ఆయన మర్చిపోయి కూర్చున్నారు. ముల్లు ఆగినచోటు అందరం చూశాం, ఎవరం చూడనట్టు నిలబడ్డాం.

కాలవ పడవల కాలం నుంచి ఒక ఆచారం ఉంది. దొర వెనక భాగంలో, గుడారం నీడన కూర్చోవాలి. బంట్రోతు ముందు కూర్చోవాలి. మోటారు పడవ వచ్చినా ఆచారం మారలేదు. చేతులున్న టేకు కుర్చీ ఒకటి తెచ్చి మోటారుకు అడుగు దూరంలో తాళ్లతో కట్టించారు. దొర వెనక ఉంటే దొర ఫైళ్ల పెట్టె వెనక ఉండాలి. పెట్టె ఉంటే మంచినీళ్ల కూజా ఉండాలి. పెట్రోలు డబ్బా ఎలాగూ అక్కడే. నేను అక్కడే. ముందువైపు బంట్రోతు సుబ్బన్న ఒక్కడు. ఛాతీ మీది డవాలా బిళ్లతో సహా తూచినా నాలుగు మణుగులు రాడు.

మోటారు తాడు లాగగానే ముక్కు లేచేది. సుబ్బన్న తాటిచెట్టు ఎక్కినవాడిలా పైన కనిపించేవాడు. సుందరరామయ్య గారికి అది మహా సంతోషం.

"చూశావా మస్తాన్, మన బోటు తలెత్తుకుని పోతోంది" అనేవాడు.

పోవడం తక్కువ, తలెత్తడం ఎక్కువ. మా పడవలో గెడ వేసే పోలయ్య ఆ సరస్సులో పుట్టి పెరిగిన జాలరి. నాకన్నా పదేళ్లు పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఒకరోజు ఆయన తమ్ముడు ఉత్త గెడకర్రతో తోసుకుంటూ మా పక్కకు వచ్చాడు, కాసేపు మాతో సమానంగా నడిచాడు, తర్వాత మమ్మల్ని దాటాడు. దాటాక వెనక్కి తిరిగి, "మస్తానూ, తాడేమన్నా వెయ్యమంటావా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అదే ఎక్కువ బాధ.

సుందరరామయ్య గారు ఇంకా పెద్ద మోటారు కావాలని హైదరాబాదుకు రాశారు. పెద్ద మోటారంటే వెనక ఇంకో రెండు మణుగులు. అక్కడినుంచి జవాబు వచ్చింది. ఫలానా రోజున అధికారి, సిబ్బంది, ఫైళ్లతో సహా రేవు నుంచి సరస్సులో ఉన్న దీవి దాకా గంటలోపు చేరి చూపించాలి. చేరకపోతే పడవను పనికిరానిదిగా నిర్ణయించి వేలం వేయాలి, దానికి అనుబంధంగా ఉన్న తాత్కాలిక పోస్టును రద్దు చేయాలి.

ఆ అనుబంధం నేనే. మామూలుగా మాకు దీవి చేరడానికి గంటన్నర పట్టేది.

మూడు తప్పులు, నాలుగోది

పరీక్షకు ఎనిమిది రోజులుంది. నేనూ పోలయ్యా పడవను ఒడ్డుకు లాగాం.

మొదటి తప్పు అడుగు చెక్కల కింద దొరికింది. అక్కడ పన్నెండు బిందెల నీళ్లున్నాయి. వర్షాకాలం నుంచి ఉన్నాయి కాబోలు, చిన్న చేపలు సంసారం పెట్టాయి. ఇన్నాళ్లుగా ఇన్ని నీళ్లను ఊరికే సవారీ తిప్పుతున్నామన్నమాట. నీళ్లు తోడి, పడవను బోర్లించి, అడుగున పట్టిన పాచిని కొబ్బరి పీచుతో రుద్దాం. గుల్లలకు తగిలి అంచులు వంకరపోయిన, నీళ్లను తోసే మోటారు పంకాను ఆకురాయితో సరిచేశాను.

రెండోది ఆఫీసు తప్పు. మోటారు తగిలించే పలక మీద శాఖ పేరున్న ఇత్తడి బిళ్ల బిగించారు. బిళ్ల కనబడాలి కాబట్టి మోటారు కింద జానెడు చెక్క పెట్టి పైకెత్తారు. పంకా నీళ్లలో కన్నా గాలిలో ఎక్కువ తిరిగేది. ఉత్త అరుపు, తోపు లేదు. చెక్క తీసేసి మోటారును దించాను. శాఖ పేరు కనబడకుండా పోయింది. పడవ నడక చూసినవాళ్లెవరూ ఆ పేరు అడగలేదు.

మూడోది నా తప్పు. దాచను. మోటారు కాలు ఎంత వంపుగా ఉండాలో నిర్ణయించడానికి ఒక ఇనప చీల ఉంటుంది, దానికి నాలుగైదు బెజ్జాలుంటాయి. నేను వచ్చిన రోజే దాన్ని చివరి బెజ్జంలో పెట్టాను. అలా పెడితే ముక్కు ఇంకా పైకి లేస్తుంది. పైకి లేస్తే ఎక్కుతుందని నా తెలివి. ఆయిలింజన్లవాణ్ణి, నేల మీద నిలబడే యంత్రాలు తప్ప తెలియవు. ఏడాదిపాటు నా చేత్తో నేనే పడవను గుంటలోకి తోశాను, దొరగారి కుర్చీని తిట్టుకున్నాను. చీల తీసి లోపలి బెజ్జంలో పెట్టేటప్పుడు పోలయ్య చూడకుండా చేద్దామనుకున్నాను. చూశాడు.

"అది మొదట్నించీ అక్కడుండాల్సిందా?" అన్నాడు.

"అవునన్నా."

"అయితే మా తమ్ముడు తాడేస్తానన్నప్పుడు తీసుకోవాల్సింది" అని బీడీ ముట్టించాడు.

మర్నాడు ఇద్దరమే పోయి చూశాం. పడవ కొంగలా లేచింది. తర్వాత తొమ్మిది మణుగుల ఇసక మూటలు తెచ్చి దొర కుర్చీలో కూర్చోబెట్టాం. మళ్లీ గుంటే. మూటలను పడవ నడుముకు కాస్త ముందుగా జరిపాం. గట్టు దాటింది, ఎక్కింది. రెండుసార్లు, మూడుసార్లు చూశాం. సందేహం లేదు.

పోలయ్య మూటల వంక చూసి, "ఇసక మూట మాట వింటాది. దొరగారు వింటాడా?" అన్నాడు.

అదే నాలుగో తప్పు. దానికి ఆకురాయి లేదు.

బంట్రోతు వీపు

"సార్, మీ బరువు వల్ల పడవ ఎక్కడం లేదు, బంట్రోతు చోట కూర్చోండి" అని తాత్కాలిక పోస్టువాడు దొరతో అనగలడా? ఇప్పటి కుర్రవాళ్లు అనగలరేమో. నేను మూడు రోజులు అద్దం ముందు నిలబడి ఆ మాట అనుకుని చూశాను. అద్దంలోవాడే ఒప్పుకోలేదు.

నాలుగో రోజు సుందరరామయ్య గారు గదిలో ఫైలు చూస్తున్నారు. కిటికీ తెరిచి ఉంది. నేను కిటికీ కింద అరుగు మీద సుబ్బన్న పక్కన కూర్చుని, లోపలికి వినబడేంత నెమ్మదిగా మొదలుపెట్టాను.

"సుబ్బన్నా, నేను మద్రాసు వర్క్‌షాపులో ఉన్నప్పుడు తెల్లగవర్నరు లాంచీ చూసినాను. చెప్పినానా నీకు?"

"లేదే."

"గవర్నరు ముందు కూర్చుంటాడు. కుర్చీ ముక్కు దగ్గర. మిగతావాళ్లంతా హోదా ప్రకారం వెనక. బిళ్ల బంట్రోతు అందరికన్నా వెనక, మోటారు పొగలో."

"ముందెందుకబ్బా? నీళ్లు చిమ్మవా?"

"చిమ్మితే చిమ్మినాయి. దొరకు అడ్డంగా ఇంకొకడి వీపు ఉండగూడదంట. ప్రయాణమంతా బంట్రోతు వీపు చూసుకుంటా కూర్చుంటే దొరతనమేముంది? ఒడ్డున జనానికి మొదట కనబడేదెవరు? ముందున్నవాడు. మన దీవిలో జనం మొదటి దండం ఎవరికి పెడతా ఉండారో చూసినావా? నీకే."

సుబ్బన్న బిళ్ల సర్దుకుని, "నిజమే. నేనూ తిరిగి పెడతా ఉండా, పాపమని" అన్నాడు.

గదిలో కాగితం తిప్పే చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రం నన్ను పిలిపించారు. గవర్నరు గారి కుర్చీ ఏ కర్రతో చేశారు, ముక్కుకు ఎంత దూరంలో ఉండేది, స్వాతంత్ర్యానికి ఎన్నేళ్ల ముందు చూశావు అని అడిగారు. మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పాను. కుర్చీ సరిగ్గా ఇసక మూటలున్న చోటే ఉండేదని, రెండంగుళాలు అటూ ఇటూ అయితే తెల్లదొర కోప్పడేవాడని చెప్పాను. సుందరరామయ్య గారు తల ఊపి, "వాళ్లు ఏది చేసినా ఒక పద్ధతి" అన్నారు.

ఎక్కింది

పరీక్ష రోజు పొద్దున సరస్సు పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. రేవులో హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన గడియారం పట్టుకుని నిలబడ్డాడు. సుందరరామయ్య గారు ముందు, టేకు కుర్చీలో. ఫైళ్ల పెట్టె ఆయన కాళ్ల దగ్గర. పెట్రోలు డబ్బాను గవర్నరు పేరు చెప్పి నడుము దగ్గరికి జరిపాను. సుబ్బన్న వెనక, నా పక్కన. దండాలు పోయినందుకు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

మోటారు లాగాను. ముక్కు లేచింది. నా గుండె కూడా లేచింది. వెనక గుంట పడింది, నీళ్లు పలక అంచు దాకా వచ్చాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను. బావమరిది మొహం కళ్ల ముందు ఆడింది. అయిదు లెక్కపెట్టేసరికి ముక్కు మెల్లగా వంగింది. ఆ మార్పు చెవికే ముందు తెలుస్తుంది, గుర్తుపెట్టుకోండి. అంతవరకు నీళ్లు చెక్కను తన్నుతున్నట్టు దబదబమనే చప్పుడు. ఉన్నట్టుండి అది పోయి, చీర చింపినట్టు సన్నని చప్పుడొచ్చింది. మోటారు ఊపిరి తేలిక చేసుకుంది. వెనక తిరిగి చూస్తే గుంట లేదు. రెండు గీతలు, మధ్య నున్నటి దారి.

"ఎక్కిందిరా మస్తానూ" అన్నాడు పోలయ్య. ఆయన ఆ సరస్సు మీద గెడ పట్టని ప్రయాణం చేయడం అదే మొదటిసారి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అరగంట దాటి నాలుగైదు నిమిషాలకు దీవి చేరాం. జనం మొదటి దండం సుందరరామయ్య గారికి పెట్టారు. ఆయన మొహం చూసి, నేను మంచిపనే చేశానని నమ్మాను. నెలలోపల నా పోస్టు ఖాయమైంది.

అక్కడితో ఆపి ఉంటే ఇది ఉద్యోగ విజయాల కథ అయ్యేది.

సర్క్యులర్

సుందరరామయ్య గారు దీన్ని తన దగ్గరే ఉంచుకోలేదు. పడవ ఏ రకమైనదైనా సరే, అధికారులలో పెద్దవారు అన్నిటికన్నా ముందు కూర్చోవాలి, మిగిలినవారు హోదా ప్రకారం వెనక్కి కూర్చోవాలి, పూర్వపు గవర్నర్ల పద్ధతి ఇదే అని సర్క్యులర్ రాశారు. పైవాళ్లకు నచ్చింది. జిల్లాలన్నిటికీ పోయింది.

తెరచాప పడవలో ముందు కూర్చున్న ఒక అధికారికి చాప తిరిగినప్పుడల్లా టోపీ పోయేదని విన్నాను. తాడు కట్టి లాగే కాలవ పడవలో ఇంకొకాయన ఆ తాడును ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేశాడట. గోదావరి వైపు ఒక చోట అధికారి బక్కవాడు, బంట్రోతు భారీ మనిషి. అక్కడ బాగా ఎక్కే పడవ సర్క్యులర్ వచ్చాక ఎక్కడం మానేసింది. మోటారు మార్చమని రాశారు. ఇందులో పావు వంతు తీసేయండి, అయినా మిగిలేది తక్కువ కాదు.

మా పడవలో ఇంకో జబ్బు మొదలైంది. ముందుండటమే గౌరవమైతే, ఇంకా ముందుండటం ఇంకా గౌరవం. సుందరరామయ్య గారు నెలకు ఒకటి రెండు అంగుళాల చొప్పున కుర్చీ జరిపించుకుంటూ పోయారు. రెండేళ్లలో కుర్చీ ముక్కు కొసకు చేరింది. రెండంగుళాలకే తెల్లదొర కోప్పడేవాడని చెప్పిన మనిషిని నేనే, నోరు మూసుకుని తాళ్లు విప్పి కట్టాను. పడవ ముందుకు వంగి, నేల వాసన చూస్తూ పోయే కుక్కలా నడిచేది. నున్నటి నీళ్ల మీద ఎలాగో నెట్టుకొచ్చాం. అడిగితే చెప్పాలి కదా అనుకునేవాణ్ణి. ఆయన అడగలేదు.

వాన గాలి

కార్తీక మాసంలో ఒకరోజు దీవికి పోయి మధ్యాహ్నం తిరిగి వస్తున్నాం. మాతో ఎప్పటిలాగే పోలయ్య, సుబ్బన్న. బయలుదేరేటప్పుడు ఈశాన్యాన నల్లగా ఉంది. పోలయ్య చూసి ఉండిపోదామన్నాడు. సుందరరామయ్య గారికి రాత్రి మద్రాసు బండి అందుకోవాలి.

పులికాట్ చాలాచోట్ల నడుము లోతే. పడవ మునిగినా లేచి నిలబడి తిట్టుకోవచ్చు. కాని సముద్రం నీళ్లు లోపలికి వచ్చే మొగకు ఎదురుగా ఒక కాలవ ఉంది. అక్కడ రెండు గెడలు నిలువునా దించినా నేల అందదు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి గాలి కొట్టింది. అలలు పెద్దవి కావు, పొట్టివి, దగ్గర దగ్గరవి. తేలిక ముక్కు అయితే వాటి మీద ఎక్కి దిగుతుంది. మా ముక్కు మీద తొమ్మిది మణుగులున్నాయి. మొదటి అల కుర్చీ కాళ్లు తడిపింది. రెండోది ఒళ్లో ఫైలు తీసుకుపోయింది. జోరు తగ్గించాను. తగ్గిస్తే ముక్కు ఇంకా కుంగింది.

"సార్, వెనక్కి రండి" అన్నాను.

"ఎందుకు?"

"ముక్కు మునుగుతా ఉంది సార్."

ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "గవర్నరు ముందు కూర్చునేవాడని చెప్పింది నువ్వే కదయ్యా. అల కొడితే ఆయన లేచిపోయి బంట్రోతు పక్కన కూర్చునేవాడా?" అన్నారు.

మూడో అల వచ్చింది. పడవలో మడమలు మునిగేటన్ని నీళ్లు. సుబ్బన్న బిళ్ల తీసి పక్కన పెట్టి డబ్బాతో తోడుతున్నాడు.

అప్పుడు నాకు ఇంకో అబద్ధం దొరకలేదు. జీవితంలో ఆ ఒక్కసారే దొరకలేదు.

"సార్, నేను గవర్నరు లాంచీ చూడలేదు."

"ఏమన్నావు?"

"అబద్ధం చెప్పినాను సార్. మీ బరువు వెనకుంటే పడవ ఎక్కదు, అందుకని ముందుకు తెచ్చినాను. ఇప్పుడు ఆ బరువు ముందుంటే మునిగిపోతాం. పోస్టు తీసేస్తే తీసేయండి. వెనక్కి మాత్రం రండి."

ఆయన కదల్లేదు. నా వంక చూస్తున్నారు. అంత గాలిలోనూ ఆ చూపు నాకు బాగా కనబడింది. పోలయ్య గెడ పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు.

"దొరా, తిట్లు ఒడ్డున తిట్టుకోవచ్చు. తమకు ఈత వచ్చా?"

"రాదు."

"అయితే జరగండి."

సుందరరామయ్య గారు కుర్చీలోంచి దిగి, మోకాళ్ల మీద, చేతుల మీద, నీళ్లలో పాక్కుంటూ వచ్చారు. వచ్చి సుబ్బన్న పక్కన చెక్క మీద కూలబడ్డారు. ఆయన నడుము దాటగానే ముక్కు లేచింది. తర్వాతి అల కిందనుంచి పోయింది. ఆ తర్వాతది కూడా. నిదానంగా, అలలకు కాస్త ఏటవాలుగా పట్టి నడిపాను. ఒడ్డు చేరేదాకా సుబ్బన్న నీళ్లు తోడుతూనే ఉన్నాడు. ముందు ఖాళీ కుర్చీ ఒక్కటే దర్జాగా తడుస్తోంది.

గుర్తొచ్చిన సంగతి

మర్నాడు పిలుపు వచ్చింది. ఇంట్లో చెప్పి, గూడూరు బండి వేళలు కూడా కనుక్కుని పోయాను.

సుందరరామయ్య గారు తడిసిన ఫైళ్లు ఎండలో ఆరబెట్టుకుంటున్నారు. తల ఎత్తకుండా అడిగారు.

"బరువు సంగతి మొదటే చెప్పొచ్చు కదా?"

"చెబితే వినేవాళ్లా సార్?"

చాలాసేపు ఆలోచించారు. నిజాయితీపరుడని ముందే రాశాను కదా.

"వినేవాణ్ణి కాదు" అన్నారు. తర్వాత సర్క్యులర్ తీసి బల్ల మీద పెట్టారు. కింద ఆయన సంతకం. "ఇది జిల్లాలన్నిటికీ పోయింది. నా సర్వీసు రికార్డులో కూడా దీన్ని మెచ్చుకున్నారు. నువ్వు గవర్నరు లాంచీ చూడలేదంటే, రెండేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్న నేనేమిటి?"

ఆయన సర్క్యులర్‌ను నా వైపు తిప్పి పెట్టారు.

"అందుకని నువ్వు చూశావు. కాకపోతే ఒక సంగతి చెప్పడం మర్చిపోయావు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఏమిటది?"

నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

"గాలివానలో గవర్నరు గారు వెనక కూర్చునేవారు సార్" అన్నాను.

"ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో ఎవరు చెప్పేవాళ్లు?"

"డ్రైవరు చెప్పేవాడు సార్. చెప్పగానే జరిగేవారు."

"గవర్నరు?"

"గవర్నరే సార్."

ఆయన కలం తీసి రాసుకున్నారు. పది రోజుల్లో రెండో సర్క్యులర్ వచ్చింది. తదుపరి అందిన సమాచారం మేరకు, వాతావరణాన్ని బట్టి అధికారి స్థానాన్ని డ్రైవరు సూచించవలెను, అధికారి పాటించవలెను అని. మా శాఖలో డ్రైవరు చెబితే అధికారి వినాలనే రూలు అదొక్కటే. అది నిలబడింది నా అబద్ధం మీద, ఆయన సంతకం మీద.

నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. పెద్ద మోటారు అడగడానికి ముందు అడుగు చెక్కలెత్తి చూడండి, చీల ఏ బెజ్జంలో ఉందో చూడండి, బరువు ఎక్కడుందో చూడండి. అబద్ధం చెప్పక తప్పదనుకుంటే చెప్పండి, కాని కారణం దాచకండి. కారణం లేకుండా కుర్చీ ఒకసారి కదిలిందంటే ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు. ఆ కాలవ మధ్యలో నలుగురి ప్రాణాలు అలా జరిపిన అంగుళాల మీద ఆడాయి.

కుర్చీ మళ్లీ ఇసక మూటల చోటికి వచ్చిన మూడేళ్లకు సుందరరామయ్య గారికి బదిలీ అయింది. చివరిసారి దీవికి పోయి వద్దామన్నారు. జనం వీడ్కోలుకని ఎండుచేపల బుట్టలు తెచ్చి వెనక సర్దారు, వద్దంటే వినలేదు. తిరుగు ప్రయాణంలో ముక్కు లేచింది, కిందికి దిగదు. గుంటలోనే గుడుగుడు. నేను బుట్టలు జరపమని పోలయ్యతో చెప్పబోతున్నాను.

నేనేమీ అనకముందే సుందరరామయ్య గారు కుర్చీలోంచి లేచారు. వెనక్కి తిరిగి చూడలేదు. కుర్చీ వదిలేసి ఒక జానెడు ముందుకు జరిగి, పడవ చెక్క మీద కూర్చున్నారు, బంట్రోతు కూర్చున్నట్టు. చప్పుడు మారింది. దబదబ పోయి చీర చింపినట్టు సన్నగా. పడవ ఎక్కింది. ఎర్రకాళ్ల కొంగలు గుంపుగా లేచి పక్కకు తప్పుకున్నాయి.

చాలా దూరం పోయాక, ముందుకే చూస్తూ అడిగారు.

"మస్తాన్, గవర్నరు గారు ఇలాగే జరిగేవారా?"

"ఇలాగే సార్" అన్నాను. "నా కళ్లారా చూశాను."